రీమ్యాప్ చేయించిన బండికి ఏ స్పార్క్ ప్లగ్గు వేయాలి? నంబరు, గ్యాప్, బిగింపు

"అన్నా, స్టేజ్ వన్ చేయించా. ఇరీడియం వేసేయనా?" వారానికి ఇద్దరు ముగ్గురైనా ఈ మాట అడుగుతారు. "పాత ప్లగ్గు తీసి చూశావా? రంగెలా ఉంది?" అని నేను తిరిగి అడిగితే అవతల మౌనం. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే మంచిదనిపించింది.

కొత్తవాళ్ల కోసం: రీమ్యాప్ అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ)లోని లెక్కల్ని, అంటే మ్యాప్‌ని, మార్చి పవర్ పెంచడం. ఆ పని చేసేవాడు ట్యూనర్. విడిభాగాలు మార్చకుండా మ్యాప్ ఒక్కటే మారిస్తే స్టేజ్ వన్. ఇరీడియం అంటే ఆ లోహపు కొన ఉన్న ప్లగ్గు.

ముందే ఒక మాట. ప్లగ్గు పవర్ ఇవ్వదు. డబ్బా మీద ఏం రాసున్నా సరే. పాత ప్లగ్గు అరిగిపోయి ఉంటే కొత్తది వేశాక పికప్ బాగుందనిపిస్తుంది, అది కొత్తదనం మహిమ, అంతే. ప్లగ్గుకున్న పనులు రెండే: స్పార్క్ కొట్టడం, తన ముక్కుకు పట్టిన వేడిని ఇంజన్ హెడ్‌లోకి పంపేయడం. బూస్ట్ (టర్బో సిలిండర్లలోకి తోసే గాలి ఒత్తిడి) పెంచినా, కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే నొక్కుడు) పెంచినా ఆ రెండు పనులూ కష్టమవుతాయి. మనం ప్లగ్గు మార్చేది అందుకే.

అవసరమైనంత థియరీ ఇది. ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీలు దాటితే తన మీది మసిని తానే కాల్చుకుంటుంది. 850 దాటుతుంటే ప్రమాదం. ఇంకా పైకి పోతే స్పార్క్ రాకముందే ఎర్రబడిన ఆ కొనే మంట పెట్టేస్తుంది, పిస్టన్‌కి చిల్లు పడటానికి అదొక్కటి చాలు. వేడిని త్వరగా వదిలేదాన్ని కోల్డ్ ప్లగ్గు అంటారు, పట్టి ఉంచేదాన్ని హాట్ ప్లగ్గు అంటారు. ప్లగ్గు ఎంత హాట్, ఎంత కోల్డ్ అన్నదాన్ని వేడి మెట్టుతో చెబుతారు. ఒక మెట్టు మారితే కొన దగ్గర సుమారు 70 నుంచి 100 డిగ్రీల తేడా వస్తుంది.

ఇది ఎవరికి? టర్బో పెట్రోల్ రీమ్యాప్ చేయించినవాళ్లకు, టర్బో లేని ఇంజన్‌లో కంప్రెషన్ పెంచినవాళ్లకు, బయట సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ కిట్ బిగించినవాళ్లకు. ఎయిర్ ఫిల్టరూ సైలెన్సరూ మాత్రమే మార్చారా? కంపెనీ చెప్పిన ప్లగ్గే కొత్తది వేయండి, మీ పని అయిపోయింది. డీజిల్ బండి రీమ్యాప్ చేయించి ఇదే ప్రశ్న అడిగినవాళ్లూ ఉన్నారు. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్గే ఉండదు స్వామీ.

కావలసినవి

- ప్లగ్గు సాకెట్. చాలా బళ్లకు 16 మి.మీ., కొన్ని కొత్త ఇంజన్లకు పలుచటి గోడ ఉన్న 14 మి.మీ. లోపల రబ్బరో అయస్కాంతమో ఉన్నది తీసుకోండి
- పొడుగు ఎక్స్‌టెన్షన్, రాచెట్
- టార్క్ రెంచ్. మీది కాకపోయినా ఒక పూట అడిగి తెచ్చుకోండి
- తీగలతో ఉండే గ్యాప్ గేజ్ (ప్లగ్గు మధ్య కొనకీ కింద వంగిన పట్టీకీ మధ్య దూరాన్ని, అంటే గ్యాప్‌ని, కొలిచేది). నాణెంలా గుండ్రంగా ఉండేది వద్దు, కారణం కింద ఉంది
- అరచేతి పొడవు పెట్రోల్ పైపు ముక్క
- ప్లగ్గు బావుల్లో (ప్లగ్గు కూర్చునే లోతైన గుంతల్లో) దుమ్ము ఊదడానికి గాలి, ఒక టార్చి
- మిస్‌ఫైర్ (సిలిండర్‌లో మంట సరిగా అంటుకోకపోవడం) కోడ్లు చదివే, బండి కంప్యూటర్‌కి తగిలించే ఓబీడీ స్కానర్
- తీసిన ప్లగ్గులు వరసలో పెట్టుకోవడానికి అట్టముక్క, దాని మీద 1, 2, 3, 4 అంకెలు

1. కంపెనీ ప్లగ్గు నంబరు రాసుకోండి

మాన్యువల్‌లో చూడండి, ఆ తర్వాత బండిలోంచి ఒకటి తీసి దాని మీదున్నది చదవండి. సెకండ్ హ్యాండ్ బండైతే రెండూ కలవకపోవచ్చు, అలాంటప్పుడు మాన్యువల్‌నే నమ్మండి.

ఉదాహరణకు ఎన్‌జీకే కంపెనీ బీకేఆర్6ఈ-11 తీసుకుందాం. బీ అంటే 14 మి.మీ. త్రెడ్డు. కే అంటే 16 మి.మీ. పానా పట్టేది. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది. 6 అంటే వేడి మెట్టు. ఈ అంటే త్రెడ్డు పొడవు 19 మి.మీ. చివరి 11 అంటే గ్యాప్ 1.1 మి.మీ.

ఇందులో మీరు ముట్టుకోదగినవి రెండే రెండు: వేడి మెట్టు, గ్యాప్. త్రెడ్డు వెడల్పు, పొడవు, వాషర్‌తో కూర్చుంటుందా కోన్‌లా కూర్చుంటుందా, రెసిస్టర్ ఉందా లేదా అన్నవి కంపెనీవి ఎలా ఉంటే అలాగే ఉండాలి. 19 మి.మీ. ఉండాల్సిన చోట 26.5 మి.మీ. ప్లగ్గు దిగితే పిస్టన్‌కో వాల్వ్‌కో తగులుతుంది. అటుదిటైతే, అంటే పొట్టి ప్లగ్గు దిగితే, మంట లోతుగా బావిలో పడ్డట్టు ఉంటుంది, ఖాళీగా మిగిలిన త్రెడ్ల నిండా మసి పేరుకుంటుంది, ఆ తర్వాత సరైన ప్లగ్గు తెచ్చినా ఎక్కదు. రెసిస్టర్ లేని ప్లగ్గు వేస్తే ఆ రేడియో గోల ఈసీయూ సెన్సార్లకు తగిలి బండి పిచ్చిగా ప్రవర్తిస్తుంది. "రేసింగ్ ప్లగ్గు" అని అమ్మేవాటిలో కొన్ని ఇలాంటివే, రోడ్డు మీద తిరిగే బండికి అవి వద్దు.

2. చేయించిన పనులు లెక్కేసి మెట్టు తేల్చండి

ప్లగ్గు కంపెనీల మోటు లెక్క ఒకటుంది: 75 నుంచి 100 హార్స్‌పవర్ పెరిగితే ఒక మెట్టు కోల్డ్. ఈ లెక్కని చిన్న ఇంజన్లకు గుడ్డిగా వాడొద్దు. 110 హార్స్‌పవర్‌తో వచ్చే ఫోక్స్‌వ్యాగన్ 1.0 టీఎస్ఐ టర్బో పెట్రోల్ లాంటి మూడు సిలిండర్ల ఇంజన్‌కి 30 పెంచితే ఒక్కో సిలిండర్ మీద 10 పడుతుంది. నాలుగు సిలిండర్ల 1.8కి అదే 30 ఎక్కిస్తే ఒక్కోదాని మీద ఏడున్నరే.

నేను చెప్పేది ఇలా ఉంటుంది. స్టేజ్ వన్, ఎక్కువగా సిటీలోనే తిరుగుడు: కంపెనీ మెట్టే ఉంచి గ్యాప్ తగ్గించండి. స్టేజ్ వన్, కానీ తరచూ హైవే మీద ఫుల్ లోడ్‌తో పరుగు, పైగా మన మే నెల ఎండలు: ఒక మెట్టు కోల్డ్. డౌన్‌పైప్ (టర్బో వెనక పొగ గొట్టం), ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) మార్చిన స్టేజ్ టూ: ఒక మెట్టు కోల్డ్, ఆలోచించక్కర్లేదు. పెద్ద టర్బో, నైట్రస్ (పవర్ కోసం ఇంజన్‌లోకి పంపే గ్యాస్), కంప్రెషన్ బాగా పెంచిన డ్రాగ్ (తిన్నటి దారి పందెం) బండి: ఒకటితో మొదలుపెట్టి ప్లగ్గు రంగు చూశాకే రెండోదానికి వెళ్లండి. ట్యూనర్ తాను మ్యాప్ రాసింది ఫలానా ప్లగ్గు మీద అని చెబితే మాత్రం నా లెక్క పక్కన పెట్టి ఆయన మాట వినండి.

అందరూ పడే గుంట ఇక్కడుంది. ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగితే కోల్డ్. బాష్, ఛాంపియన్‌లలో అంకె తగ్గితే కోల్డ్. ఎన్‌జీకే 6కి డెన్సోలో దాదాపు 20 సమానం, 7కి 22, 8కి 24. తెలిసిన కుర్రాడొకడు ఎన్‌జీకే 6 తీసేసి బాష్ 8 తెచ్చాడు, రెండు మెట్లు కోల్డ్ వేశానని సంతోషం. నిజానికి వాడు కంపెనీదానికంటే హాట్ ప్లగ్గు వేసుకుని బూస్ట్ కొడుతున్నాడు. అదృష్టం బాగుండి వారంలోపే చూశాం. కంపెనీ మారుస్తుంటే అంకెలు మనసులో లెక్కేయకండి, ఆ కంపెనీ సొంత పోలిక పట్టికలో చూడండి.

"ఎందుకైనా మంచిదని రెండు మెట్లు కోల్డ్ వేసేస్తా" అనేది రెండో గుంట. విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు పాకే బండికి ఆ ప్లగ్గు ఎప్పటికీ 450 డిగ్రీలు చేరదు. మసి పడుతుంది, పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్ వస్తుంది, బండి మిస్సింగ్ కొడుతుంది. అప్పుడు మ్యాప్ బాగోలేదని ట్యూనర్‌ని తిడతారు.

మరొకటి. 97 పైన ఆక్టేన్ (నాకింగ్‌ని పెట్రోల్ ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) ఉన్న పెట్రోల్‌కి రాయించిన మ్యాప్ వేసుకుని మామూలు పెట్రోల్ కొట్టిస్తే నాకింగ్, అంటే మిశ్రమం తనంతట తానే పేలడం, వస్తుంది. దానికి కోల్డ్ ప్లగ్గు మందు కాదు. మ్యాప్‌కి తగ్గ పెట్రోల్ కొట్టించండి, లేదా బంకులో దొరికే పెట్రోల్‌కి తగ్గట్టు మ్యాప్ మార్పించండి.

3. లోహం

"రాగి ప్లగ్గు" అని మనం పిలిచేది నిజానికి నికెల్ ప్లగ్గు. రాగి లోపలి గుజ్జులో ఉంటుంది, ఇరీడియం ప్లగ్గుల్లోనూ ఉంటుంది. నికెల్ చవక, త్వరగా అరుగుతుంది, గ్యాప్ ధైర్యంగా వంచుకోవచ్చు. ఇరీడియం కొన అర మిల్లీమీటరు అటూ ఇటూ సన్నగా ఉంటుంది, అందువల్ల స్పార్క్‌కి తక్కువ వోల్టేజ్ సరిపోతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది.

ట్యూనింగ్ ఇంకా నడుస్తుంటే, అంటే మ్యాప్ రెండుమూడుసార్లు మారుతుందని తెలిస్తే, ముందు నికెల్ వేసి మెట్టూ గ్యాపూ తేల్చుకోండి. అన్నీ కుదిరాక అదే మెట్టులో ఇరీడియం కొనండి. ప్రయోగాలకి ఇరీడియం సెట్లు తగలేయడం నాకు నచ్చదు. మీ ఇంజన్‌కి కావలసిన సైజులో నికెల్ దొరక్కపోతే తప్పదు.

4. కొనేటప్పుడు

నకిలీలు చాలా ఉన్నాయి. ఆటోనగర్లో ఒకే వీధిలో ఒకే నంబరు ప్లగ్గు సగానికి సగం తేడా ధరలకు చూశాను. చవగ్గా దొరికినదాన్ని టార్చి వెలుగులో తిప్పి చూడండి. అసలుదానిలో త్రెడ్లు నున్నగా మెరుస్తాయి, నకిలీలో అంచులు గరుగ్గా ఉంటాయి. పింగాణీ మీది అక్షరాలు గోటితో గీకితే లేవకూడదు. వాషర్‌ని వేలితో లాగితే ఊడి చేతికి రాకూడదు. కింద వంగిన పట్టీ సరిగ్గా మధ్య కొన మీదికే ఉండాలి, పక్కకి ఒరిగి ఉంటే అనుమానించండి. ఇరీడియం అని ఇచ్చినదానిలో మధ్య కొన అగ్గిపుల్లంత లావుంటే ఇక చెప్పేదేముంది.

సెట్ మొత్తం ఒకేసారి కొనండి. మూడు సిలిండర్లకి మూడు, నాలుగింటికి నాలుగు. ఒక్కటి మాత్రం మార్చడం వద్దు.

5. గ్యాప్: దీనికి టైమివ్వండి

నా అనుభవంలో రీమ్యాప్ చేసిన బళ్లకు వచ్చే మిస్సింగుల్లో ఎక్కువ భాగం మెట్టు వల్ల కాదు, గ్యాప్ వల్ల. బూస్ట్ పెరిగితే సిలిండర్‌లో గాలి చిక్కబడుతుంది. చిక్కటి గాలిలో స్పార్క్ దూకాలంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి. ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ అంత ఇవ్వలేకపోతే స్పార్క్ ఆరిపోతుంది. కొవ్వొత్తిని ఊదినట్టు అనుకోండి. ఐడిల్‌లో బండి పూసలా ఉంటుంది, ఫుల్ యాక్సిలరేటర్ తొక్కితే 4,000 ఆర్‌పీఎం దగ్గర దడదడలాడుతుంది.

కంపెనీ గ్యాప్ 0.8 ఉంటే రీమ్యాప్ తర్వాత 0.7తో మొదలుపెట్టండి. బూస్ట్‌లో మిస్సయితే 0.65, తర్వాత 0.6. అంతకంటే తగ్గించాల్సి వస్తోందంటే ప్లగ్గుని వదిలి కాయిళ్లను అనుమానించండి. మరీ తగ్గిస్తే స్పార్క్ చిన్నదైపోయి ఐడిల్ గరుగ్గా ఉంటుంది. గ్యాప్ పెంచితే మంట పెద్దదై పవర్ వస్తుందని చెప్పేవాళ్లుంటారు, టర్బో బండి దగ్గర ఆ మాట వినకండి.

"డబ్బాలోనే సెట్ చేసి వస్తాయి" అనుకోవద్దు. కొలవండి, ప్రతి ఒక్కటీ. రవాణాలో కింద పడ్డదొకటి ఉండనే ఉంటుంది.

తగ్గించడం తేలిక: పట్టీని చెక్క బల్ల మీద నిలువుగా, మెల్లగా ఒకటి రెండుసార్లు తట్టి, కొలిచి, మళ్లీ తట్టండి. తీగ గేజ్ కొంచెం రాసుకుంటూ జారాలి, గుచ్చినట్టు బిగుసుకోకూడదు, గాల్లో తిరిగినట్టు వదులుగానూ ఉండకూడదు. ఎక్కువ తగ్గిపోతే పట్టీని మాత్రమే పట్టుకుని పైకి వంచండి, మధ్య కొనకు దేన్నీ ఆనించకూడదు. నాణెం గేజ్ ఎందుకు వద్దన్నానంటే అది మధ్య కొన మీద ఆని తిరుగుతుంది. నా మొదటి ఇరీడియం సెట్‌లో ఒకదాన్ని అలాగే చంపాను. "టిక్" అని చిన్న చప్పుడు, కంటికి ఏమీ కనబడలేదు. బండిలో వేస్తే రెండో సిలిండర్ మిస్సింగ్. తీసి భూతద్దంలో చూస్తే పింగాణీకి వెంట్రుకంత పగులు.

రెండు మూడు పట్టీలున్న ప్లగ్గుల గ్యాప్ జోలికి వెళ్లకండి. వంచాల్సి వస్తే ఆ ప్లగ్గు మీ బండికి పనికిరానట్టే.

6. పాతవి తీయడం

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. అల్యూమినియం హెడ్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గు తిప్పితే త్రెడ్లు కూడా వెంట వచ్చే ప్రమాదముంది. రాత్రి పార్క్ చేసి పొద్దున్న టీ తాగి మొదలుపెట్టండి.

కాయిల్ కనెక్టర్ లాక్ నొక్కి తీయండి, వైరు పట్టి లాగొద్దు. కాయిల్‌ని మెలిపెడుతూ నిలువుగా లేపండి. ఆ తర్వాత బావిలోకి గాలి ఊదండి. మన రోడ్ల దుమ్ముకి ఆ బావిలో ఒక్కోసారి చెంచాడు ఇసుక ఉంటుంది. ఊదకుండా ప్లగ్గు తీస్తే అదంతా సిలిండర్‌లోకే.

ప్లగ్గు మధ్యలో గట్టిగా పట్టేస్తే బలం పెట్టొద్దు. త్రెడ్ల మీద చుక్క పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి పావుగంట ఆగి, కొంచెం బిగించి కొంచెం వదులు చేస్తూ తీయండి. తీసినవి అట్ట మీద వాటి అంకె దగ్గరే పెట్టండి.

7. కొత్తవి బిగించడం

ప్లగ్గు తలకి పెట్రోల్ పైపు ముక్క తొడిగి, దాంతో బావిలోకి దించండి. ముందు వెనక్కి తిప్పండి, త్రెడ్డు కలిసే చోట చిన్న "టక్" తెలుస్తుంది. అప్పుడు ముందుకి. క్రాస్ త్రెడ్ అవుతుంటే పైపు ప్లగ్గు మీద జారిపోతుంది, మీ హెడ్‌ని కాపాడేది ఆ జారుడే. మొదటి చుట్లకు రాచెట్ పెట్టొద్దు.

మాన్యువల్‌లో టార్క్ ఉంటే అదే ఆఖరి మాట. లేకపోతే అల్యూమినియం హెడ్‌లో వాషర్ ఉన్న 14 మి.మీ. ప్లగ్గుకి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ.కి 15 నుంచి 20, 10 మి.మీ.కి 10 నుంచి 12. టార్క్ రెంచ్ దొరకనే లేదా? వాషర్ ఉన్న కొత్త 14 మి.మీ. ప్లగ్గుని చేత్తో ఆగేదాకా తిప్పి, ఆపైన అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు. ఒకసారి వాడినదైతే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది, గడియారంలో ఒక గంట దూరం చాలు. కోన్ సీటుదైతే అంతకంటే కొంచెం తక్కువ.

వదులుగా ఉంటే కంప్రెషన్ లీకొక్కటే కాదు నష్టం. వేడి హెడ్‌లోకి వెళ్లే దారి ఆ సీటు, ఆ త్రెడ్లే. అవి గట్టిగా ఆనకపోతే మీరు లెక్కేసి తెచ్చిన కోల్డ్ ప్లగ్గు హాట్ ప్లగ్గులా కాలుతుంది. మరీ బిగిస్తే త్రెడ్డు పోతుంది.

త్రెడ్లకి గ్రీజు, యాంటీ సీజ్ (త్రెడ్లు పట్టేయకుండా రాసే పేస్టు) రాయాలా అని అడుగుతారు. పేరున్న కంపెనీల ప్లగ్గులకి పూత ఉంటుంది, అక్కర్లేదు. రాస్తే అదే టార్క్ అంకెకి ప్లగ్గు ఎక్కువ బిగుసుకుపోతుంది. కాయిల్ రబ్బరు అంచు లోపల మాత్రం కాస్త డైఎలక్ట్రిక్ (కరెంటు పారనివ్వని) గ్రీజు రాయవచ్చు.

8. సరిపోయిందో లేదో చూసుకోవడం

స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఐడిల్ వినండి. స్కానర్ పెట్టండి. పీ0300 అంటే ఫలానా ఒక్క సిలిండర్ అని చెప్పలేని మిస్‌ఫైర్, పీ0301 నుంచి పీ0304 వరకు ఆయా సిలిండర్లు. కోడ్ వస్తే ఆ సిలిండర్ కాయిల్‌ని పక్కదానితో మార్చండి. కోడ్ కూడా కాయిల్‌తో పాటు పక్క సిలిండర్‌కి వెళితే తప్పు కాయిల్‌ది, అక్కడే ఉండిపోతే ప్లగ్గుని చూడండి.

లోడ్ టెస్ట్ డైనో (బండి ఉన్నచోటే నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద చేయించడం మంచిది. రోడ్డు మీదైతే ఖాళీ దారి, వేగ పరిమితి లోపల, స్కానర్ చూడటానికి పక్కన ఇంకో మనిషి. నడుపుతూ ఫోన్లో గ్రాఫులు చూడకండి. నడుస్తున్న బండిని ఫుల్ లోడ్ మీద ఇంజన్ ఆపి ప్లగ్గు చూసే పాత పద్ధతి రోడ్డు మీద అసలొద్దు, స్టీరింగ్, బ్రేకు రెండూ బిగుసుకుపోతాయి.

300 నుంచి 500 కిలోమీటర్లయ్యాక ప్లగ్గులు తీసి చూడండి. ట్రాఫిక్‌లోంచి వచ్చి వెంటనే తీస్తే అన్నీ నల్లగానే కనబడతాయి, అది అబద్ధపు రంగు. విజయవాడ నుంచి ఏలూరు దాకా ఒక చుట్టు వెళ్లి వచ్చి, చల్లారాక తీయండి.

పింగాణీ ముక్కు లేత గోధుమ రంగో, పాల టీ రంగో ఉంటే ఇంకేమీ మార్చకండి. సున్నంలా తెల్లగా, పొక్కులు లేచినట్టు ఉంటే ప్లగ్గు హాట్ అయినా అయ్యుండాలి, మిశ్రమంలో పెట్రోల్ తక్కువైనా అయ్యుండాలి. బండి తొక్కడం ఆపి ట్యూనర్‌కి ఫొటో పంపండి. పొడి మసి ముక్కు మొత్తం కప్పితే పెట్రోల్ ఎక్కువవుతోంది, లేదా మెట్టు మరీ కోల్డ్. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో చుట్టూ ఉన్న ఇనుప అంచు నల్లగా ఉండటం మామూలే, ముక్కునే చూడండి. తడి నూనె ఉంటే అది ప్లగ్గు తప్పు కాదు, రింగులో వాల్వ్ సీళ్లో చూపించుకోండి. ఇటుక రంగు పొర కనిపిస్తే ఆక్టేన్ బూస్టర్ సీసాలు పోస్తున్నారా అని మిమ్మల్ని మీరే అడగండి. వాటిలో కొన్నింట్లో ఇనుము ఉంటుంది, ఆ పొర స్పార్క్‌ని పక్కదారి పట్టిస్తుంది.

అన్నిటికంటే భయపడాల్సింది ముక్కు మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, లేదా మెరిసే అల్యూమినియం పొడి. అది నాకింగ్ గుర్తు, మెరిసేది పిస్టన్ ముక్కే. ఆ బండి ట్యూనర్ దగ్గరికి సొంతంగా నడిచి వెళ్లకూడదు, ట్రక్కు మీద వెళ్లాలి.

ఒక్క సిలిండర్ ప్లగ్గు మాత్రమే తేడాగా ఉంటే మెట్టు మార్చకండి. ఆ సిలిండర్ ఇంజెక్టర్‌నో కాయిల్‌నో చూడండి.

గ్యాస్ కిట్ ఉన్నవాళ్లకి

సీఎన్‌జీ, ఎల్‌పీజీ పొడి ఇంధనాలు, స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజ్ అడుగుతాయి. పెట్రోల్‌కి చెప్పిన గ్యాప్‌లోంచి 0.1 నుంచి 0.2 మి.మీ. తగ్గించండి. మెట్టు కంపెనీదే ఉంచి రంగు చూసి నిర్ణయించండి. గ్యాస్ మీద నడిస్తే మసి ఉండదు కాబట్టి ముక్కు తెల్లగా కనిపించడం సహజం, పొక్కులు ఉన్నాయా లేవా అన్నదే చూడాలి. పెట్రోల్‌లో బాగుండి గ్యాస్ మీద మాత్రమే మిస్సవుతుంటే ముందు కొత్త ప్లగ్గులు, తగ్గించిన గ్యాప్. గ్యాస్ ట్యూనింగ్ ఆ తర్వాత.

ఎన్నాళ్లకి మార్చాలి?

మాన్యువల్‌లో ఉన్న కిలోమీటర్లు స్టాక్ (ఏమీ మార్చని) ఇంజన్‌వి. బూస్ట్ పెంచిన బండిలో నికెల్‌ని 10,000కి తీసి గ్యాప్ కొలిచి, 15,000 నుంచి 20,000 మధ్య మార్చేస్తాను. ఇరీడియం అయితే 20,000కి ఒకసారి చూస్తాను. అరిగిన కొద్దీ గ్యాప్ తనంతట తాను పెరుగుతుంది, 0.7 పెట్టినది 0.8 అయ్యేసరికి పాత దడదడ మళ్లీ మొదలవుతుంది.

బాగున్న కంపెనీ ప్లగ్గులు పారేయకండి. అట్ట పెట్టెలో పెట్టి దాని మీద నంబరు, తీసిన కిలోమీటర్లు రాయండి. బండి అమ్మేటప్పుడు స్టాక్ మ్యాప్‌కి వెళితే ఆ సెట్టే కావాలి. కొత్తవాటి నంబరు, గ్యాప్, వేసిన కిలోమీటర్లు ఒక చీటీ మీద రాసి ఇంజన్ కవర్ లోపల అంటించండి. ఈసారి ఫోన్ చేసినప్పుడు నేను మొదట అడిగేవి అవే.